మొదటిసారి చిన్న వ్యాపారం పెట్టేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్తగా వ్యాపారం మొదలుపెట్టేవాళ్లు నన్ను అడిగే ప్రశ్నల్లో సగం పేరు గురించో, రిజిస్ట్రేషన్ గురించో, లోగో గురించో ఉంటాయి. నేను చూసినంతలో మూతపడిన వ్యాపారాల్లో ఎక్కువ భాగం డబ్బు చేతికి ఎప్పుడు వస్తుంది, చేతిలోంచి ఎప్పుడు పోతుంది అనే లెక్క తప్పి మూతపడ్డాయి. అందుకే ఇక్కడ ఆ లెక్కకే ఎక్కువ చోటిచ్చాను. పన్నులు, లైసెన్సులు దేశాన్ని బట్టి మారిపోతాయి కాబట్టి వాటి వివరాలు మీ దగ్గరున్న అకౌంటెంట్‌ను అడగడమే మంచిది.

నా దగ్గర మంచి ఐడియా ఉంది. మొదలుపెట్టేయొచ్చా?

ఐడియా ఎవరికి బాగుంది? మీకు, మీ ఇంట్లోవాళ్లకు, స్నేహితులకు అయితే అది ఇంకా లెక్కలోకి రాదు. "చాలా బాగుందిరా, పెట్టెయ్" అనడానికి వాళ్లకు పైసా ఖర్చు లేదు. పరిచయం లేని మనిషి జేబులోంచి డబ్బు తీసి ఇచ్చినప్పుడే గిరాకీ ఉందో లేదో తెలుస్తుంది.

కనీసం పదిమంది కొత్తవాళ్లతో మాట్లాడండి. "నేను ఇలాంటిది పెడితే కొంటారా?" అని మాత్రం అడగొద్దు. మొహమాటానికి అందరూ కొంటామనే అంటారు. జరిగిపోయిన సంగతి అడగండి. ఈ పని మీకు కిందటిసారి ఎప్పుడు పడింది? ఎవరితో చేయించుకున్నారు? ఎంతైంది? ఎక్కడ చిరాకు పడ్డారు? వీటికి జవాబులు చెప్పలేకపోతున్నారంటే ఆ సమస్య వాళ్లకు పెద్దగా లేదన్నమాట. చురుగ్గా జవాబులు చెప్పినవాళ్లను చిన్న అడ్వాన్స్ అడగండి. ఆ క్షణంలో వాళ్ల ముఖం మారే తీరు ఏ మార్కెట్ సర్వేకన్నా ఎక్కువ చెబుతుంది.

ఉద్యోగం మానేసి దిగాలా, చేస్తూనే మొదలుపెట్టాలా?

వీలైతే చేస్తూనే. జీతం వస్తున్నంతకాలం నష్టపు ఆర్డర్‌ను వద్దనే ధైర్యం ఉంటుంది. అద్దె కట్టాల్సిన రోజు దగ్గరపడితే ఎంత తక్కువకైనా ఒప్పేసుకుంటాం. ముందుగా మీ ఉద్యోగ ఒప్పందం ఒకసారి తీసి చదవండి. బయట పని చేయకూడదని, అదే రంగంలో పోటీగా దిగకూడదని అందులో షరతులు ఉండొచ్చు. ఆఫీసు కంప్యూటర్, ఆఫీసు సమయం మీ పనికి వాడొద్దు.

మానేయడానికి తేదీ పెట్టుకోవడంకన్నా షరతు పెట్టుకోవడం మేలు. ఉదాహరణకు, "వరుసగా నాలుగు నెలలు వ్యాపారం నుంచి ఇంటి ఖర్చులో సగం వస్తే మానేస్తాను" అని. తేదీ ఎలాగూ వచ్చేస్తుంది, షరతు నెరవేరాలంటే వ్యాపారం నడవాలి.

నాకు నలభై దాటాయి. ఆలస్యమైపోయిందా?

లేదు. అమెరికాలో కంపెనీలు పెట్టినవాళ్ల రికార్డులను పియరీ అజులే, బెంజమిన్ జోన్స్ తదితర ఆర్థికవేత్తలు పరిశీలించారు. అత్యంత వేగంగా ఎదిగిన కంపెనీల వ్యవస్థాపకుల సగటు వయసు, కంపెనీ పెట్టేనాటికి, 45 అని తేలింది. అదే రంగంలో ముందు పనిచేసిన అనుభవం బాగా కలిసొచ్చిందని కూడా తేల్చారు. కాలేజీ మానేసి కోట్లు సంపాదించిన కుర్రాళ్ల కథలు ఎక్కువగా వినబడేది అలాంటివాళ్లు అరుదు కాబట్టే.

ఎంత పెట్టుబడి కావాలి?

చాలామంది యంత్రం ధర, అడ్వాన్స్, ఫర్నిచర్ కూడేసి "ఇంత కావాలి" అంటారు. అది మొదటి ముక్క మాత్రమే. కాగితం మీద నాలుగు ముక్కలు వేరువేరుగా రాయండి.

ఒకటి, ఒక్కసారి పెట్టే ఖర్చు. రెండు, ఏమీ అమ్మకపోయినా ప్రతి నెలా పోయేది: అద్దె, జీతాలు, కరెంటు, ఇంటర్నెట్, కిస్తీలు. మూడు, సరుకు కొన్న రోజు నుంచి దాని తాలూకు డబ్బు తిరిగి చేతికొచ్చే రోజు దాకా నడిపించడానికి కావాల్సిన సొమ్ము. నాలుగోది మీ ఇంటి ఖర్చు. ఈ నాలుగోదాన్ని ఎందుకో ఎవరూ రాయరు. వ్యాపారం పెట్టాక కూడా మనం తినాలి, పిల్లల ఫీజు కట్టాలి. రాయకపోయినంత మాత్రాన ఆ డబ్బు ఖర్చు కాకుండా ఉండదు, వ్యాపారం గల్లా నుంచి చెప్పాపెట్టకుండా పోతుంది.

ఇక నిలదొక్కుకోవడానికి ఆరు నెలలు పడుతుందని మీ అంచనా అయితే పన్నెండు నెలలకు సరిపడా డబ్బు చూసుకోండి. అనుమతి ఆలస్యమవుతుంది, యంత్రం ఆలస్యమవుతుంది, కస్టమర్ ఆలస్యం చేస్తాడు. ముందుగా అయిన పని మాత్రం నాకు ఒక్కటీ గుర్తులేదు. అంత డబ్బు లేదంటే వ్యాపారం మానుకోమని కాదు, మొదటి ముక్కను తగ్గించమని. కొత్త యంత్రం బదులు పాతది కొనండి, లేదా అద్దెకు తెచ్చుకోండి, లేదా మొదట్లో ఆ పని బయట చేయించండి.

లాభం వస్తోందని లెక్కలు చెబుతున్నాయి. ఖాతాలో డబ్బు మాత్రం ఉండట్లేదు. ఎక్కడికి పోతోంది?

ఈ పేజీలో ఒక్క ప్రశ్నే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

100కి అమ్మే సరుకు మీకు 80కి పడుతుందనుకుందాం. సప్లయర్‌కు అప్పటికప్పుడు కట్టాలి. మీ కస్టమర్ మాత్రం రెండు నెలల తర్వాత ఇస్తాడు. మొదటి నెల 100 అమ్మారు, రెండో నెల 150, మూడో నెల 200, నాలుగో నెల 200. వ్యాపారం పెరుగుతోంది, అందరూ అభినందిస్తున్నారు.

ఇప్పుడు గల్లా చూద్దాం. మొదటి నెల 80 పోయింది, వచ్చింది సున్నా. రెండో నెల 120 పోయింది, మళ్లీ సున్నా. మూడో నెల 160 పోయి, మొదటి నెల తాలూకు 100 వచ్చింది. నాలుగో నెల 160 పోయి, 150 వచ్చింది. నాలుగు నెలలకు పుస్తకంలో లాభం 130. మీ జేబులోంచి పోయింది 270. రెండూ నిజమే. తేడాగా కనిపించే 400 కస్టమర్ల దగ్గర బాకీ రూపంలో ఉంది. అమ్మకాలు ఇంకా వేగంగా పెరిగితే ఆ గొయ్యి ఇంకా లోతవుతుంది. ఆర్డర్లు చేతినిండా ఉండగానే మూతపడే వ్యాపారాల కథ ఇదే.

నేను మొదట పెట్టింది ప్రింటింగ్ పని. రెండో ఏడాది ఒక పెద్ద సంస్థ నుంచి ఆర్డర్ వచ్చింది. మొత్తం అమ్మకాల్లో సగానికి పైగా వాళ్లదే. పొంగిపోయాను. బిల్లు ఇచ్చాక "సంతకం కావాల్సినాయన సెలవులో ఉన్నారు", "వచ్చే నెల కొత్త బడ్జెట్ వస్తుంది", "బిల్లులో నంబరు తప్పు పడింది" అంటూ ఐదు నెలలు తిప్పారు. డబ్బు ఎగ్గొట్టలేదు, ఇచ్చారు. కానీ ఈలోపు కాగితం సప్లయర్ దగ్గర నా మాట పోయింది, జీతాల కోసం ఎక్కువ వడ్డీకి అప్పు తెచ్చాను. ఆ ఆర్డర్‌లో మిగిలిన లాభం కన్నా కట్టిన వడ్డీ ఎక్కువ. నెలకు మూడు రాత్రులైనా టెన్షన్‌తో నిద్రపట్టేది కాదు.

అప్పటి నుంచి నేను చేసేది: పని మొదలయ్యే ముందు కనీసం ముడిసరుకు ఖర్చు మేరకు అడ్వాన్స్. సరుకు ఇచ్చిన రోజే బిల్లు. గడువు తేదీ బిల్లు మీద పెద్ద అక్షరాల్లో. గడువుకు మూడు రోజుల ముందు ఒక ఫోన్. అడగడానికి మొహమాటపడొద్దు, మీ డబ్బే అడుగుతున్నారు. ఇంకోవైపు సప్లయర్ దగ్గర కాస్త గడువు తెచ్చుకోండి, నెమ్మదిగా కదిలే స్టాక్ తగ్గించండి. ప్రతి సోమవారం రాబోయే పదమూడు వారాలకు వారంవారీగా వచ్చేది, పోయేది రాసుకోండి. ఏ వారం గల్లా సున్నాకు దిగుతుందో రెండు నెలల ముందే తెలిస్తే ఏదో ఒక దారి చూసుకోవచ్చు. ఆ రోజు పొద్దున్నే తెలిస్తే ఎవరి వడ్డీకైనా తల ఒగ్గాల్సిందే.

ధర ఎలా పెట్టాలి? పక్కవాడికన్నా తక్కువ పెడితే చాలదా?

పక్కవాడి ఖర్చులు మీకు తెలియవు. అతనికి సొంత స్థలం ఉండొచ్చు, పెద్దమొత్తంలో కొనడం వల్ల సరుకు చవకగా పడుతుండొచ్చు, లేదా అతనూ నష్టానికే అమ్ముతుండొచ్చు.

ముందు ఒక తికమక తీర్చుకుందాం. 80కి కొని 100కి అమ్మితే, కొన్న ధర మీద చూస్తే లాభం 25 శాతం, అమ్మిన ధర మీద చూస్తే 20 శాతం. ఈ రెంటినీ కలిపేసి డిస్కౌంట్లు ప్రకటించేవాళ్లు చాలామంది. ఇదే సరుకు మీద "పది శాతమే కదా" అని తగ్గిస్తే 90కి అమ్ముతారు, మిగిలేది 20 బదులు 10. ధర తగ్గింది పది శాతం, లాభం తగ్గింది సగం. అంతకుముందు మిగిలినంత మిగలాలంటే రెట్టింపు సరుకు అమ్మాలి. మీ డిస్కౌంట్ చూసి నిజంగా రెట్టింపు జనం వస్తారా?

మీ సొంత శ్రమకు కూడా ధరలో చోటివ్వండి. మీ పనికి రేపు ఇంకొకరిని పెడితే ఎంత జీతమివ్వాలో అంత వేయండి. అది వేశాక గిట్టుబాటు కావట్లేదంటే మీరు జీతం లేని ఉద్యోగం చేస్తున్నారన్నమాట.

నెలకు ఎంత అమ్మితే నష్టం లేకుండా బయటపడతాను?

నెలవారీ స్థిర ఖర్చును ఒక్కో వస్తువు మీద మిగిలేదానితో భాగించండి. స్థిర ఖర్చు 3,000, వస్తువు ధర 50, దానికయ్యే ఖర్చు 30 అయితే మిగిలేది 20. అంటే నెలకు 150 వస్తువులు. నెలకు 25 రోజులు తెరిచి ఉంచితే రోజుకు ఆరు. ఇలా రోజు లెక్కలోకి దించితే అది అయ్యే పనో కాదో మనసుకు ఇట్టే తెలిసిపోతుంది.

కంపెనీ రిజిస్టర్ చేయాలా, నా పేరు మీదే నడపొచ్చా?

చాలా దేశాల్లో ఒక్క మనిషి తన పేరు మీద సులువుగా మొదలుపెట్టొచ్చు. ఇందులో చిక్కు ఏమిటంటే వ్యాపారం అప్పులు మీ సొంత అప్పులే. ఇల్లు, పొదుపు కూడా ప్రమాదంలో పడొచ్చు. మామూలు భాగస్వామ్యంలో ఇంకాస్త జాగ్రత్త కావాలి, భాగస్వామి చేసిన అప్పుకు కూడా మీరు బాధ్యులవుతారు.

పరిమిత బాధ్యత కంపెనీ చట్టం దృష్టిలో వేరే వ్యక్తి. దీన్ని గట్టిగా నిలబెట్టిన తీర్పు 1897లో బ్రిటన్‌లో వచ్చింది. ఆరోన్ సాలమన్ అనే బూట్ల వ్యాపారి తన వ్యాపారాన్ని కంపెనీగా మార్చాడు. వాటాలు దాదాపు అన్నీ అతనివే, మిగిలిన ఆరు కుటుంబ సభ్యులవి. కంపెనీ దివాలా తీస్తే అప్పులవాళ్ల తరఫున అతని మీద దావా పడింది. కంపెనీ వేరు, సాలమన్ వేరు, కంపెనీ బాకీలకు అతను బాధ్యుడు కాడని, అప్పట్లో అక్కడి అత్యున్నత న్యాయస్థానంగా కూడా పనిచేసిన హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చింది. ఇప్పటికీ ఎన్నో దేశాల కంపెనీ చట్టాలకు ఈ సూత్రమే పునాది.

అయితే కొత్త కంపెనీకి అప్పిచ్చే బ్యాంకు తరచుగా మీ వ్యక్తిగత హామీ అడుగుతుంది. సంతకం పెట్టారంటే ఆ అప్పు వరకు మీకూ కంపెనీకీ మధ్య ఉన్న గోడ కూలిపోయినట్టే. కంపెనీ అంటే ఏటా ఫైలింగులు, అకౌంటెంట్ ఫీజులు కూడా ఉంటాయి. నష్టపరిహారం కట్టాల్సిన ప్రమాదం తక్కువగా ఉండి, అప్పు పెద్దగా లేని పని అయితే సొంత పేరుతో మొదలుపెట్టి తర్వాత మార్చుకోవచ్చు.

స్నేహితుడు భాగస్వామిగా వస్తానంటున్నాడు. చెరిసగం పెట్టుకోవచ్చా?

చెరిసగం వినడానికి న్యాయంగానే ఉంటుంది. ఇద్దరికీ అభిప్రాయం కుదరని రోజున ఎవరి మాట చెల్లుతుందో మాత్రం అందులో ఉండదు. కొనుగోళ్లు ఒకరి మాట, అమ్మకాలు ఇంకొకరి మాట అని పంచుకోవచ్చు, లేదా ఇద్దరూ నమ్మే మూడో మనిషి తీర్పుకు వదిలేయొచ్చు. ఏదో ఒకటి ముందే రాసుకోవాలి.

డబ్బు పెట్టేవాడు, పని చేసేవాడు వేరైతే గొడవకు బీజం అక్కడే పడుతుంది. ఏడాది తిరిగేసరికి పెట్టినవాడికి "నా డబ్బుతో బతుకుతున్నాడు" అనిపిస్తుంది, చేసినవాడికి "నా కష్టం మీద కూర్చున్నాడు" అనిపిస్తుంది. దీనికి మందు, పనికి జీతం వేరుగా, పెట్టుబడికి వాటా వేరుగా లెక్కకట్టడం. స్టార్టప్‌లలో వాటాను ఒకేసారి ఇవ్వకుండా నాలుగేళ్లలో కొంచెం కొంచెంగా సొంతమయ్యేలా, మొదటి ఏడాది పూర్తికాకుండా వెళ్లిపోతే ఏమీ రాకుండా రాసుకుంటారు. చిన్న వ్యాపారానికీ ఇది పనికొస్తుంది. ఎవరైనా తప్పుకుంటే వాటాకు ధర ఎలా కడతారు, చనిపోతే వారసుల సంగతేమిటి, ఎవరెంతవరకు సంతకం పెట్టొచ్చు, ఇవన్నీ కాగితం మీదకు రావాలి. "మా మధ్య కాగితాలెందుకు" అనేంత స్నేహం ఉన్నప్పుడే రాసుకోవడం సులువు.

అప్పు తీసుకుని మొదలుపెట్టొచ్చా?

గిరాకీ రుజువయ్యాక తీసుకోండి, గిరాకీ ఉందో లేదో తెలుసుకోవడానికి మాత్రం తీసుకోవద్దు. అమ్మకాలు మొదలైనా కాకపోయినా కిస్తీ తేదీ ఆగదు. అయిదేళ్లు పనిచేసే యంత్రానికి ఏడాదిలో తీర్చాల్సిన అప్పు తేవొద్దు, రెండు నెలల్లో అమ్ముడుపోయే సరుకుకు అయిదేళ్ల అప్పూ వద్దు.

వడ్డీ ఎలా లెక్కకడుతున్నారో అడగండి. "ఫ్లాట్ పది శాతం" అంటే తీర్చేసిన అసలు మీద కూడా వడ్డీ పడుతూనే ఉంటుంది. 1,200 అప్పుకు పన్నెండు నెలలు 110 చొప్పున కడితే, తగ్గుతున్న అసలు మీద చూసినప్పుడు అది దాదాపు 18 శాతం వడ్డీ. చుట్టాల దగ్గర తీసుకున్నా కాగితం రాయండి. అది అప్పా, వాటానా అన్నది ముందే తేల్చకపోతే వ్యాపారం పోయినా, నడిచినా మాట వస్తుంది.

లెక్కలు నాకు రావు. అకౌంటెంట్‌కు వదిలేస్తే సరిపోతుందా?

పన్ను పత్రాలు వదిలేయండి, గల్లా మాత్రం మీరే చూడండి. మొదటి రోజే వ్యాపారానికి వేరే బ్యాంకు ఖాతా తెరవండి. సొంత డబ్బు, వ్యాపారం డబ్బు కలిపేస్తే లాభమెంతో మీకే తెలియదు. ప్రతి లావాదేవీని రెండు వైపులా రాసే జమాఖర్చు పద్ధతిని లూకా పాచియోలీ అనే ఇటలీ గణిత పండితుడు 1494లో వెనిస్‌లో అచ్చు వేయించాడు. అక్కడి వర్తకులు అప్పటికే వాడుతున్న పద్ధతి అది. నేటి సాఫ్ట్‌వేర్లన్నీ లోపల చేసేది అదే. మీకు ఆ శాస్త్రమంతా అక్కర్లేదు. రోజూ ఎంతొచ్చింది, ఎంత పోయింది, ఎవరు బాకీ, మనం ఎవరికి బాకీ, ఈ నాలుగూ తెలిస్తే చాలు.

ఇంకొకటి. 170కి పైగా దేశాల్లో విలువ ఆధారిత పన్ను గానీ, అలాంటి వస్తుసేవల పన్ను గానీ ఉంది. కస్టమర్ దగ్గర వసూలు చేసిన ఆ పన్ను మీ ఆదాయం కాదు, ప్రభుత్వం తరఫున కొన్నాళ్లు దాచిపెట్టారంతే. దాన్ని సరుకుకు వాడేసి, కట్టాల్సిన రోజు తలపట్టుకునేవాళ్లు ఎందరో. వచ్చిన రోజే వేరే ఖాతాలో వేసేయండి.

పేరు, లోగో, వెబ్‌సైట్, ఆఫీసు... వీటికి ఎంత పెట్టాలి?

వీలైనంత తక్కువ. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు కస్టమర్ లేకుండానే విజిటింగ్ కార్డులు అచ్చు వేయించుకున్నవాళ్లను ప్రింటింగ్ పనిలో ఉండగా చాలామందిని చూశాను (కార్డులు వేసిందీ నేనే). పేరు విషయంలో మాత్రం ఒక జాగ్రత్త: అది అప్పటికే ఎవరిదైనా ట్రేడ్‌మార్కేమో చూసుకోండి. అంతర్జాతీయ వర్గీకరణలో వస్తువులకు 34, సేవలకు 11, మొత్తం 45 తరగతులున్నాయి. మీరు అమ్మేది ఏ తరగతిలోకి వస్తుందో ఆ తరగతిలోనూ, దాని దగ్గరి తరగతుల్లోనూ వెతకండి.

మొదటి కస్టమర్లను ఎక్కడ వెతకాలి?

ప్రకటనలతో మొదలుపెట్టొద్దు. మొదట మాట్లాడిన ఆ పదిమందీ ఉన్నారుగా, వాళ్ల దగ్గరికి సరుకుతో వెళ్లండి. మొదటి ఇరవై అమ్మకాలు మీరే చేయండి. ఎక్కడ సంకోచిస్తున్నారు, ఏ మాటకు ఒప్పుకుంటున్నారు అన్నది జీతగాణ్ని పెట్టి నేర్చుకునే విద్య కాదు. పని నచ్చినవాళ్లను "మీకు తెలిసినవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా?" అని అడగండి. నోరు తెరిచి అడగకపోతే ఎవరూ వాళ్లంతట వాళ్లు చెప్పరు.

మొదటి ఉద్యోగిని ఎప్పుడు పెట్టుకోవాలి?

పని ఎక్కువైందని మీకు అనిపించిన రోజు కాదు, ఎవరికైనా రాసిచ్చేంత స్పష్టంగా ఆ పని మీకు తెలిసిన రోజు. జీతం మీద పన్నులు, సామాజిక భద్రత చెల్లింపులు, సెలవులు కలిపితే మీరు అనుకున్న జీతంకన్నా ఖర్చు ఎక్కువే అవుతుంది. కనీసం మూడు నెలల జీతం పక్కన ఉంటేనే పిలవండి.

నడవట్లేదు. ఎప్పుడు ఆపేయాలి?

అమెరికా కార్మిక గణాంకాల సంస్థ లెక్కల్లో, కొత్తగా తెరిచిన సంస్థల్లో సుమారు 20 శాతం మొదటి ఏడాదిలోనే, దాదాపు సగం అయిదేళ్లలోపు మూతపడుతున్నాయి. మీకే జరిగిన వింతేమీ కాదు. అలాగని ఆ మూతపడినవన్నీ దివాలా తీసినవనుకోవద్దు, వాటిలో మంచి ఉద్యోగం వచ్చి మూసేసినవాళ్లు కూడా ఉంటారు.

ఆపే గీత మొదలుపెట్టక ముందే గీసుకోండి: "ఇంతకుమించి డబ్బు పెట్టను, ఈ నెల వరకు చూస్తాను" అని రాసి, ఇంట్లో ఇంకొకరి చేతికివ్వండి. నష్టాల్లో ఉన్నప్పుడు "ఇంత పెట్టాం కదా, ఇంకొంచెం చూద్దాం" అనే మాట ఎవరి నోటనైనా వస్తుంది. పెట్టింది ఎలాగూ తిరిగిరాదు. రేపటి నుంచి పెట్టబోయేది తిరిగొస్తుందా అన్నదొక్కటే చూడాలి.

మూసేటప్పుడు జీతాలు, పన్నులు, సప్లయర్ల బాకీలు తీర్చడానికి సరిపడా డబ్బు ఉండగానే మూసేయండి. ఆ రంగంలో మళ్లీ ఏ పని మొదలుపెట్టినా ఎదురయ్యేది ఆ మనుషులే. అప్పులు ఆస్తులను మించిపోతే ఎవరికి ముందు ఇవ్వాలన్నది చట్టం చెబుతుంది, లాయర్‌ను అడగకుండా ఎవరికీ చెల్లించొద్దు. షట్టర్ దించినంత మాత్రాన కాగితాల మీద వ్యాపారం మూతపడదు. పన్ను రిజిస్ట్రేషన్, లైసెన్సు, బ్యాంకు ఖాతా, నెలనెలా డబ్బు కోసుకునే సాఫ్ట్‌వేర్ చందాలు ఒక్కొక్కటీ విడిగా రద్దు చేయించుకుని రశీదులు దాచుకోండి. లేదంటే అమ్మకాలే లేని ఏడాదికి కూడా రిటర్న్ వేయలేదని జరిమానా నోటీసు రావొచ్చు.